నడుం పట్టేస్తే మొదటి వారం ఏం చేయాలి

మిర్యాలగూడలో ఫిజియోథెరపీ చేస్తాను. వడ్ల సీజన్‌లో బస్తాలెత్తే హమాలీలు, నాట్లేసే అక్కలు నడుం పట్టేసి వస్తారు. వాళ్లకు ముందు చెప్పేది ఒకటే: మంచానికి అతుక్కోవద్దు. ఇలాంటి నొప్పి చాలామందికి కొన్ని వారాల్లోనే తగ్గుతుంది. బరువులు ఆపి, చిన్న పనులు చేసుకుంటూ ఉండాలి.

వేడినీళ్ల బ్యాగ్ పావుగంట పెట్టాక, చాప మీద వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి. ఒక మోకాలిని రెండు చేతులతో ఛాతీ వైపు మెల్లగా లాక్కుని, ఐదు అంకెలు లెక్కపెట్టి వదలండి. ఒక్కో కాలికి పదిసార్లు. తర్వాత బోర్లా పడుకుని మోచేతుల మీద ఛాతీ లేపండి, ఊపిరి బిగబట్టొద్దు. నొప్పి సడలుతుంటే కొనసాగించండి. కాలి పిక్కలోకి దిగుతుంటే ఆ వ్యాయామం ఆపేయండి. మధ్యమధ్యలో వాకిట్లో నడవండి.

నేను చేతులతో కండరాలు సడలించి, వెన్నుపూసల దగ్గర మెల్లగా ఒత్తుతాను. దాంతో వచ్చే ఉపశమనం కొద్దికాలమే. ఆ వీలులోనే వ్యాయామం చేయించాలి. నడుం తొక్కించుకోవడం, విరిపించుకోవడం మాత్రం దయచేసి వద్దు.

కాలిలో బలం తగ్గినా, మూత్రం ఆగినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, జ్వరం ఉన్నా, కిందపడ్డాక నొప్పి మొదలైనా వ్యాయామాలు పక్కనపెట్టి అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.