ప్రింట్ చేసిన కణజాలంలో ఇన్ఫెక్షన్ పట్టడం లేదా? ముందు నీళ్లు, ఎండ, మీడియం చూడండి

నల్గొండలో మా చిన్న ల్యాబ్‌లో ఉన్నది ఎక్స్‌ట్రూజన్ రకం బయోప్రింటర్. బతికున్న కణాలు కలిపిన జెల్‌ను సిరంజిలో నింపితే, గాలి ఒత్తిడితో నెట్టి ముగ్గు వేసినట్టు గీతల మీద గీతలు పోస్తుంది. ఆ జెల్‌నే బయోఇంక్ అంటాం. ఆల్జినేట్, జెలటిన్ కలిపిన ఇంకులో ఊపిరితిత్తుల కణాలు, మాక్రోఫేజ్‌లు (క్రిముల్ని మింగే రక్షణ కణాలు) పోసి, అందులో క్షయ కుటుంబానికి చెందిన బీసీజీ బ్యాక్టీరియా ఎలా దాక్కుంటుందో, మందు దాని దాకా చేరుతుందో లేదో చూస్తాం. ప్లాస్టిక్ డిష్‌లో ఒకే పొరగా పెరిగే కణాలు ఈ సంగతి సరిగా చెప్పలేవు. ఇలా ప్రింట్ చేసిన ఊపిరితిత్తిని రోగికి అమర్చే రోజు ఇంకా రాలేదు. ఇప్పటికి దీని అసలు ఉపయోగం రోగాన్ని అర్థం చేసుకోవడం, మందుల్ని పరీక్షించడం.

నల్గొండ, పాలమూరు వైపు కాలేజీల్లో ప్రాజెక్టులు మొదలుపెట్టే పిల్లలు ఎక్కువగా అడిగే సమస్యలు ఇవి. మా దగ్గర పాడైన ప్రయోగాల్లో చాలావరకు బ్యాక్టీరియా దాకా రాకముందే పాడయ్యాయి.

సూది మాటిమాటికీ మూసుకుపోతోంది

మొదటి ఎండాకాలం మాకు ఏ ప్రింటూ ఐదు నిమిషాలు దాటలేదు. సూది విప్పితే లోపల ఆవగింజంత ఉండ. వేళ్ల మధ్య నలిపితే నలగదు, రబ్బరులా జారిపోతుంది. కణాలు గుంపు కట్టాయనుకుని వారం రోజులు కణాలనే జల్లెడ పట్టాం. చివరికి బీకర్లు కడిగే అక్క ఒకరోజు అన్నది: "మేడం, గీ నీళ్లల్ల సున్నం శాన ఉంటది. మా ఇంట్ల గిన్నెలకు సుత గిట్లనే పట్టుకుంటది."

ఆమె చెప్పిందే నిజం. డిస్టిలేషన్ యూనిట్ కాయిల్‌కు తెల్లగా సున్నం పట్టి ఆగిపోయింది. ఆ వారమంతా పాత ఆర్వో ఫిల్టర్ నీళ్లతో సర్దుకున్నాం. ఆల్జినేట్ సముద్రపు నాచు నుంచి తీసే పొడి, కాల్షియం తగిలితే చాలు గడ్డకడుతుంది. ప్రింట్ అయ్యాక కాల్షియం క్లోరైడ్‌లో ముంచేది కూడా అందుకే. నీళ్లలోనే కాల్షియం ఉంటే ఆ పని సూదికి రాకముందే జరిగిపోతుంది. నల్గొండ నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది గానీ, ఇక్కడ మనకు అడ్డం పడేది కాఠిన్యం.

ఉండ దేనివల్ల వచ్చిందో తేల్చుకోవడం తేలికే. సూదిని 37 డిగ్రీల దగ్గర కాసేపు ఉంచండి. కరిగిపోతే అది చల్లబడి గట్టిపడిన జెలటిన్. కరగకపోతే సోడియం సిట్రేట్ ద్రావణం ఒక చుక్క వేయండి. సిట్రేట్ కాల్షియంను లాగేసుకుంటుంది కాబట్టి కాల్షియం గడ్డ మెల్లగా కరుగుతుంది. రెండింటికీ కరగని ఉండను బ్లేడుతో కోయండి. లోపల పొడి పొడిగా తెల్లగా ఉంటే ఆల్జినేట్ సరిగా నానలేదని అర్థం. పొడిని ఒక్కసారి గుమ్మరించకుండా, తిప్పుతున్న నీళ్లలో కొద్దికొద్దిగా చల్లి రాత్రంతా నాననివ్వండి. నీళ్లు మాత్రం సెల్ కల్చర్ గ్రేడ్‌వే వాడండి. ఆ ఖర్చు దగ్గర వెనకాడొద్దు. కణాలను 40 మైక్రాన్ల జల్లెడ పట్టడం మంచి అలవాటే, కానీ అది చివరి పని.

గీత నిలబడక పరుచుకుపోతోంది

జెలటిన్ 30 డిగ్రీలు దాటితే నీరుగారిపోతుంది. మే నెలలో ఇక్కడ బయట 44, 45 డిగ్రీలు. ఏసీ గదిలోకి తెచ్చినా సిరంజి లోపలి ఇంకు వెంటనే చల్లబడదు. సిరంజిని 22 డిగ్రీల దగ్గర పావుగంట, ఇరవై నిమిషాలు ఉంచి, ప్రింట్ పళ్లేన్ని 10 నుంచి 15 డిగ్రీలకు చల్లార్చి మొదలుపెట్టండి. వేసవిలో మేము పొద్దున ఆరింటికే పని మొదలుపెడతాం, కరెంటు పోతుందన్న టెన్షన్ కూడా అప్పుడు తక్కువ.

చల్లబరిచినా పరుచుకుంటోందంటే ఆల్జినేట్‌ను ఆటోక్లేవ్ (ఒత్తిడి ఆవిరిలో పెట్టి క్రిముల్ని చంపడం) చేశారేమో గుర్తు తెచ్చుకోండి. ఆ వేడికి దాని గొలుసులు తెగి ద్రావణం పల్చబడుతుంది. పొడిగా ఉన్నప్పుడే యూవీ కింద పెట్టడం నయం.

రెండు రోజుల్లో ముక్క కరిగిపోతోంది

పీబీఎస్ అనే ఉప్పు ద్రావణంతో కడుగుతున్నారా? అందులోని ఫాస్ఫేట్ జెల్‌లోని కాల్షియంను లాగేస్తుంది. కాల్షియం కలిపిన హెపీస్ సెలైన్‌తో (ఫాస్ఫేట్ లేని ఉప్పు ద్రావణం) కడగండి, మీడియంలోనూ (కణాలు పెరిగే పోషక ద్రావణం) కొద్దిగా కాల్షియం క్లోరైడ్ కలపండి. 37 డిగ్రీల దగ్గర జెలటిన్ ఎలాగూ కరిగి బయటికి వస్తుంది, కాబట్టి ముక్క కొంత మెత్తబడితే కంగారు పడకండి.

కణాలు చచ్చిపోతున్నాయి

ప్రింట్ చేయని ఇంకు కొంచెం ప్రతిసారీ పక్కన ఉంచండి. అందులో కూడా కణాలు చచ్చిపోతే తప్పు ఇంకుదే, లేదా సిరంజిలో గంటల తరబడి ఉంచడానిదే. ప్రింట్ చేసినదాంట్లో మాత్రమే చచ్చిపోతే ఒత్తిడి తగ్గించండి, లావు సూది వేయండి. అంచుల్లో బతికి నడుమ చచ్చిపోతే ఆక్సిజన్ అందడం లేదు. అది కణజాలంలో 100 నుంచి 200 మైక్రాన్ల లోతుకు మించి బాగా పోదు. ముక్కను మందంగా పోయకుండా మధ్యలో ఖాళీలు వదిలి వలలా వేయండి.

కణాలు బాగున్నాయి, ఇన్ఫెక్షన్ మాత్రం పట్టడం లేదు

నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే, ఎందుకంటే నెలల కష్టం ఇక్కడే పోతుంది.

మొదట మీడియం సీసా మీది లేబుల్ చదవండి. కణాలు పెంచేటప్పుడు అలవాటుగా పెన్‌స్ట్రెప్ (పెనిసిలిన్, స్ట్రెప్టోమైసిన్ మిశ్రమం) కలుపుతాం. అందులోని స్ట్రెప్టోమైసిన్, 1943లో అమెరికాలో వాక్స్‌మన్ ల్యాబ్‌లో కనుగొన్నది, క్షయకు దొరికిన మొట్టమొదటి యాంటీబయాటిక్. అంటే మనమే మందు పోసి, మనమే బ్యాక్టీరియా ఎందుకు పెరగలేదని వెతుకుతున్నాం. ఇన్ఫెక్షన్ ముందు మీడియం మార్చేస్తే సరిపోతుందని అనుకోకండి. స్ట్రెప్టోమైసిన్‌ది ధనావేశం, ఆల్జినేట్‌ది రుణావేశం. జెల్ దాన్ని పట్టుకుని నెమ్మదిగా వదులుతూ ఉంటుంది. ఇంకు కలిపే రోజు కంటే ముందే, కణాల్ని రెండు మూడుసార్లు యాంటీబయాటిక్ లేని మీడియంలో పెంచి తెచ్చుకోండి.

రెండో కారణం జెల్ రంధ్రాలు. ఆల్జినేట్ రంధ్రాలు నానోమీటర్లలో ఉంటాయి, క్షయ బ్యాక్టీరియా పొడవు 2 నుంచి 4 మైక్రాన్లు. పైన పోస్తే పైనే ఉండిపోతుంది. మాక్రోఫేజ్‌లకు ముందే బీసీజీ పట్టించి, బయట మిగిలినదాన్ని కడిగేసి, అప్పుడు ఇంకులో కలిపి సేఫ్టీ క్యాబినెట్‌లోనే ప్రింట్ చేయండి. వైరస్‌లు చిన్నవి కాబట్టి వాటి సంగతి వేరు. 2018లో బెర్లిన్ శాస్త్రవేత్తలు ఆల్జినేట్, జెలటిన్, మ్యాట్రిజెల్ అనే ప్రోటీన్ జెల్‌తో ఏ549 అనే ఊపిరితిత్తుల కణాల్ని ప్రింట్ చేసి ఫ్లూ వైరస్ సోకించి చూపించారు. కానీ అవే ఏ549 కణాల్లో కోవిడ్ వైరస్ సరిగా పెరగదు, ఆ వైరస్ లోపలికి దూరడానికి పట్టుకునే ఏసీఈ2 గ్రాహకం వాటి మీద చాలా తక్కువ. దీనికి ప్రింటర్ సెట్టింగులు మార్చి లాభం లేదు, కణాన్నే మార్చాలి.

మూడోది తొందర. బీసీజీ రెట్టింపు కావడానికి దాదాపు ఒక రోజు, ప్లేటు మీద కాలనీ కనబడటానికి మూడు వారాలు పడుతుంది. రెండో రోజే చూసి పట్టలేదని పారేయకండి. ఫలితం త్వరగా రావాలని హెచ్37ఆర్‌వీ లాంటి అసలు క్షయ స్ట్రెయిన్ వైపు మాత్రం చూడొద్దు. అది బీఎస్‌ఎల్-3 ల్యాబ్‌లో (ప్రమాదకర క్రిముల కోసం ప్రత్యేక రక్షణలున్న ల్యాబ్) మాత్రమే చేసే పని, కాలేజీ ల్యాబ్‌లో చేసేది కాదు.

డిష్‌లో పనిచేసిన మందు ప్రింట్‌లో పనిచేయడం లేదు

ఇది నిజమైన ఫలితమే కావచ్చు. మందు లోపలి దాకా చేరకపోవడం రోగి ఊపిరితిత్తుల్లోనూ జరుగుతుంది. కానీ జెల్ చేసిన మోసం కూడా కావచ్చు. అమికాసిన్ లాంటి ధనావేశమున్న మందుల్ని ఆల్జినేట్ స్ట్రెప్టోమైసిన్‌ను పట్టుకున్నట్టే పట్టుకుంటుంది. కణాలు, బ్యాక్టీరియా ఏవీ లేని ఖాళీ జెల్ ముక్కను అదే మోతాదు మందులో ఒక రోజు ఉంచి, ద్రావణంలో మందు ఎంత మిగిలిందో కొలవండి. బాగా తగ్గితే ఆ మందుకు ఆల్జినేట్ వదిలి జెల్‌ఎంఏ (జెలటిన్‌ను మార్చి చేసిన జెల్) లాంటి వేరే ఇంకుతో మళ్లీ చేయండి. తగ్గకపోతే మీకు కనబడింది బ్యాక్టీరియా సంగతే, నోట్‌బుక్‌లో రాసుకోండి.