సింగిల్ డోస్ డేటాతో రిపీట్ డోస్ లెవెల్స్ లెక్కేసుకోవడం ఎలా (ఎక్సెల్ చాలు)

హైదరాబాద్‌లో ఫార్మా లైన్‌లో ఉంటే, బాలానగర్ నైపర్‌లో చదివేవాళ్ళైనా, రోజూ జీనోమ్ వ్యాలీ వైపు క్యాబ్ ఎక్కేవాళ్ళైనా, ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న తగులుద్ది: మన దగ్గర ఒక్క డోస్ డేటానే ఉంది, అదే టాబ్లెట్ పన్నెండు గంటలకొకటి వేస్తూ పోతే బ్లడ్‌లో ఎంత ఉంటది? దీనికి పెద్ద మోడల్ ఏం అక్కర్లేదు, సూపర్‌పొజిషన్ చాలు. విన్‌నాన్‌లిన్ సాఫ్ట్‌వేర్‌లో దీనికి ఆప్షన్ ఉంది, ఆర్ (R) ప్రోగ్రామింగ్‌లో కూడా ఉంది, కానీ ఒక్కసారైనా చేత్తో చేయండి, లేకపోతే సాఫ్ట్‌వేర్ ఇచ్చిన నంబర్ కరెక్టో కాదో తెలీదు.

ఐడియా సింపుల్. ప్రతి డోస్ దాని పని అది చేసుకుంటది, ముందు డోస్ ఎంత మిగిలిందో దానికి అనవసరం, మనం అన్నీ కూడితే సరి. క్రెడిట్ కార్డు మీద నాలుగు ఈఎంఐలు నడుస్తుంటే దేని షెడ్యూల్ దానిది, బిల్లు మాత్రం మొత్తం కలిపి వస్తది కదా, అట్లా.

ఒక ఉత్తుత్తి డ్రగ్ తీసుకుందాం. 2 గంటలకి పీక్ 800, 12కి 400, 24కి 200, 48కి 50, అన్నీ నానోగ్రామ్ పర్ ఎమ్ఎల్. ముందు తోక, అంటే లెవెల్ తగ్గుతూ పోయే చివరి భాగం, దాని సంగతి చూడాలి, అసలు పనంతా అక్కడే. చివరి పాయింట్లు కనీసం మూడు తీసుకుని ఎల్ఎన్ (నేచురల్ లాగ్) వేసి టైమ్‌తో స్లోప్ తీయండి, మైనస్ తీసేస్తే లాంబ్డా, అంటే మందు తగ్గే రేటు. ఇక్కడ 0.0578 వస్తది, 0.693ని దాంతో భాగిస్తే హాఫ్ లైఫ్ (లెవెల్ సగం అవ్వడానికి పట్టే టైమ్) 12 గంటలు. ఆ లాంబ్డాతో 48 తర్వాత కూడా గీత లాగండి, 60కి 25, 72కి 12.5, అట్లా. చాలామంది చివరి శాంపిల్ తర్వాత సున్నా పెట్టేస్తారు, బీఎల్‌క్యూ (మెషిన్ కొలవలేనంత తక్కువ) వచ్చిన చోట కూడా సున్నానే, దాంతో స్టెడీ స్టేట్, అంటే డోసులు వేస్తూ పోతే చివరికి నిలకడగా ఆగే లెవెల్, తక్కువ చూపిస్తది. పీక్ పాయింట్‌ని మాత్రం స్లోప్‌లో కలపకండి. ఇంకోటి, ఇన్ఫినిటీ వరకు తీసిన ఏయూసీలో (టైమ్-లెవెల్ గీత కింద ఉండే ఏరియా) ఈ లాగిన భాగమే 20 శాతం దాటితే ఆ డేటా మీద పెద్దగా నమ్మకం పెట్టుకోవద్దు.

ఇప్పుడు షీట్‌లో మొదటి కాలమ్ టైమ్, గంటకో లైన్. రెండోది మొదటి డోస్. శాంపిల్ లేని గంటలకి పెరిగే వైపు మామూలు లైన్, తగ్గే వైపు లాగ్ లైన్ వేసి నింపండి, అట్లా చేస్తే 14వ గంటకి 356 వస్తది. మూడో కాలమ్‌లో అదే డోస్‌ని 12 లైన్లు కిందకి జరిపి పేస్ట్ చేయండి, నాలుగో దాంట్లో 24 లైన్లు, అట్లా ఎనిమిది డోసులు చాలు, చివర్లో అడ్డంగా కూడండి. డోస్ ముందు లెవెల్స్ 400, 600, 700, 750, మెల్లగా 800 దగ్గర ఆగుతుంది. ఐదు హాఫ్ లైఫ్‌లకి స్టెడీ స్టేట్‌లో 97 శాతం వచ్చేస్తది.

ఇక్కడో మెలిక ఉంది. ఒకటి మైనస్ ఈ పవర్ మైనస్ లాంబ్డా ఇంటూ టౌ (రెండు డోసుల మధ్య గ్యాప్, ఇక్కడ 12 గంటలు), దాంతో ఒకటిని భాగిస్తే అక్యుమ్యులేషన్ రేషియో (లెవెల్ ఎన్ని రెట్లు పేరుకుంటదో) 2 వస్తది, ట్రఫ్ (డోస్ ముందు లెవెల్) నిజంగానే 400 నుంచి 800 అయింది. పీక్ మాత్రం 1600 కాదు, 800కి 356, 178, 89 అట్లా కూడుకుంటూ పోతే 1513 దగ్గరే ఆగుద్ది. రెండుతో గుణించి రిపోర్ట్‌లో పీక్ రాసేస్తే తప్పే. చెక్ చేసుకోవాలంటే సింగిల్ డోస్ ఏయూసీ ఇన్ఫినిటీ వరకు తీయండి, స్టెడీ స్టేట్‌లో ఒక్క ఇంటర్వల్ ఏయూసీ దానికి సమానం రావాలి, రాలేదంటే పేస్ట్ ఎక్కడో జారింది లేదా తోక తెగింది.

అందరి లెవెల్స్ సగటు తీసిన మీన్ ప్రొఫైల్ మీద చేయడం నాకైతే నచ్చదు, ఒక్కో సబ్జెక్ట్‌కి విడిగా చేసి ఆఖర్న యావరేజ్ తీయండి, ఎందుకంటే హాఫ్ లైఫ్ పొడుగ్గా ఉన్నోళ్ళు సగటులో కలిసిపోయి కనపడరు.

ఇదంతా లీనియర్ డ్రగ్‌కే, అంటే డోస్ రెండింతలైతే లెవెల్ కూడా రెండింతలయ్యే మందుకే. ఫెనిటోయిన్‌కి చేశారో అయిపోయారు, ఎంజైమ్ నిండిపోతది, లెవెల్ లెక్క కన్నా మస్తు పైకి పోతది. కార్బమజెపిన్ ఉల్టా, సింగిల్ డోస్‌లో హాఫ్ లైఫ్ 25 నుంచి 65 గంటలు, కొన్ని వారాలు వాడాక తనని తానే తొందరగా కరిగించుకుని 12 నుంచి 17కి దిగుతది. డేటా పరగడుపున తీసి, పేషెంట్లు అన్నం తిన్నాక వేసుకుంటే అది కూడా లెక్కలో ఉంచుకోండి.

ఈ షీట్‌తో డోస్ మిస్ అయితే ఏంటో కూడా చూడొచ్చు, ఆ కాలమ్ ఖాళీ చేస్తే చాలు. స్టెడీ స్టేట్‌లో ఒకటి ఎగ్గొడితే తర్వాతి డోస్ టైమ్‌కి 800 బదులు 400 ఉంటది, ఆ డోస్ వేశాక పీక్ 1156. భర్తీ చేద్దామని రెండు కలిపి మింగితే 1956, మామూలు 1513 మీద ఎంత ఎక్కువో చూడండి.