బియర్డెడ్ డ్రాగన్ నోరు, పళ్లు పాడవకుండా ఎలా చూసుకోవాలి?

బియర్డెడ్ డ్రాగన్ అంటే ఇళ్లలో పెంచుకునే, తొండలాంటి ఒక సరీసృపం. దానికి దవడ పక్కల ఉండే పళ్లు ఊడితే మళ్లీ రావు. మన పళ్లలా అవి గుంటల్లో పాతుకుని ఉండవు, దవడ ఎముక అంచుకే అతుక్కుని ఉంటాయి. ఊడినా మళ్లీ వచ్చేవి ముందువైపున్న కాసిని పళ్లే. మన పెరట్లో తొండదీ ఇదే తీరు, రెండూ ఒకే కుటుంబం. కాకపోతే తొండ రోజంతా చీమల్ని, పురుగుల్ని కొరుక్కుతింటుంది. ఇంట్లో పెంచేదానికి మనం ముద్దుకొద్దీ అరటిపండు, మామిడిపండు, పనస తొన పెడతాం. ఆ తీపి మెత్తదనం పళ్ల మొదట్లో అంటుకుని పాచి పడుతుంది, పాచి గట్టిపడి గార అవుతుంది, చిగురు వెనక్కి జరిగి ఎముక బయటపడుతుంది.

ముందు చేయాల్సిన పని, వారానికోసారి నోరు చూడటం. బలవంతంగా తెరవక్కర్లేదు. లైటు కింద వెచ్చగా పడుకున్నప్పుడు అది తనంతట తానే నోరు తెరుస్తుంది. ఒంట్లో వేడి ఎక్కువైతే అలా చేస్తుంది, అది రోగం కాదు. అప్పుడు ఫోన్ టార్చ్ పక్కనుంచి వేసి చూడండి. ఇంకా సులువు, పురుగును పట్టేటప్పుడు స్లో మోషన్‌లో వీడియో తీసి ఆపి ఆపి చూడటం. చెంచా కాడ, పట్టకారు నోట్లో పెట్టి తెరిచారంటే పళ్లు విరుగుతాయి, కాల్షియం తగ్గినదానికైతే దవడే విరగొచ్చు. చేతిలోకి తీసుకోగానే గడ్డం నల్లబడితే బెదిరిందని అర్థం, వదిలేయండి.

పళ్ల మొదట్లో గోధుమరంగు లేదా నల్లటి గార, ఎర్రగా ఉబ్బిన చిగుళ్లు, నెత్తురు చారలు, తీగలా సాగే చొంగ, చెడు వాసన, పురుగును పట్టి వదిలేయడం... వీటిలో ఏది కనిపించినా డాక్టరుకు చూపించాలి. సరీసృపాల చీము మనదిలా కారదు, జున్నుముక్కలా గట్టిగా ఉంటుంది. చాలామంది దాన్ని తిండి ముక్క అనుకుని పట్టించుకోరు. దవడ మెత్తబడినా, వంకర తిరిగినా అది ఎముకల జబ్బు, అసలు ఆలస్యం చేయొద్దు.

తిండి సంగతి. పండు ఎప్పుడైనా ఒక చిన్న ముక్క చాలు. మునగాకు, మందార ఆకులు, పూలు, తురిమిన గుమ్మడి పెట్టొచ్చు. పాలకూర, తోటకూర రోజూ వద్దు, వాటిలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు. గట్టి పెంకు ఉన్న కీచురాళ్లు, బొద్దింకలు పళ్లకు మంచివే గాని పెంపకంలో పుట్టినవే కొనండి. చేనులో పట్టిన మిడతల మీద పురుగుమందు ఉండొచ్చు. మిణుగురు పురుగు ఒక్కటి తిన్నా ప్రాణానికే ముప్పు. పురుగులకు ఫాస్ఫరస్ లేని కాల్షియం పొడి అద్దాకే పెట్టాలి.

మన దక్షిణ ఒడిశా వైపు నోటి జబ్బులకు తిండి ఎంత కారణమో చలీ అంత కారణం. కోరాపుట్, సెమిలిగుడలో డిసెంబరు, జనవరి రాత్రుళ్లు పది డిగ్రీల కిందికి పోతాయి. ఒళ్లు చల్లబడితే దీనికి అరగదు, సూక్ష్మజీవులతో పోరాడే శక్తీ తగ్గిపోతుంది. అందుకే నోటిపూత చలికాలంలో పట్టుకుంటుంది. పగలు అది కూర్చునే చోట 38 నుంచి 42 డిగ్రీల వేడి ఉండాలి, తొట్టిలో ఒక పక్క మాత్రం చల్లగా వదలాలి. రాత్రికి వెలుగు లేని సిరామిక్ హీటర్ పెట్టండి. తుఫాను రోజుల్లో కరెంటు పోయే బరంపురం, పర్లాకిమిడి ఇళ్లలో ఇన్వర్టర్ కనెక్షన్ ముందు దీనికే ఇవ్వాలంటాను, ఇంట్లోవాళ్లు ఏమన్నా సరే. కాల్షియం ఒంటికి పట్టేందుకు పెట్టే యూవీబీ (అతినీలలోహిత కిరణాల) లైటు వెలుగుతున్నా దాని శక్తి తగ్గిపోతుంది, కంపెనీ చెప్పిన గడువు ప్రకారం ఆరు నెలలకో ఏడాదికో మార్చాలి. కిటికీ అద్దం గుండా వచ్చే ఎండతో లాభం లేదు, ఆ కిరణాల్ని అద్దం ఆపేస్తుంది.

నోట్లో పసుపు రాయడం, ఉప్పు నీళ్లతో కడగడం, డెట్టాల్ వాడటం వద్దు. మందుల షాపులో దొరికే క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ మనుషుల కోసం చేసింది. డాక్టరు అదే మందు రాసినా ఎంత పల్చన చేయాలో ఆయన్నే అడగండి. గారను గోటితో గీకొద్దు, దాన్ని మత్తు ఇచ్చి తీస్తారు.

సరీసృపాలను చూసే డాక్టరు ప్రతి ఊళ్లో ఉండరు. భువనేశ్వర్‌లోని పశువైద్య కళాశాలకు గాని, మనకు దగ్గర్లో విజయనగరం జిల్లా గరివిడిలో ఉన్న కళాశాలకు గాని ముందు ఫోన్ చేసి, ఇలాంటి జంతువును చూస్తారో లేదో కనుక్కుని బయల్దేరండి. గాలి ఆడే పెట్టెలో గుడ్డ పరిచి, గుడ్డ చుట్టిన వేడినీళ్ల సీసా ఒక పక్కన పెట్టండి. నోటి వీడియో, తొట్టి ఫోటో, లైటు ఎప్పుడు కొన్నారో, నెలరోజులుగా ఏం పెడుతున్నారో రాసుకున్న కాగితం వెంట ఉంచుకోండి. డాక్టరు మొదట అడిగేవి ఇవే.