పైఅంతస్తు పీఎల్‌సీకి కింద నుంచే వైఫై

మా నెల్లూరు వైపు కొన్ని రైస్ మిల్లుల్లో డ్రయ్యర్ (వడ్లు ఆరబెట్టే యంత్రం) ప్యానెల్ పైఅంతస్తులో ఉంటుంది. ఆ యంత్రాన్ని నడిపే చిన్న కంప్యూటర్, అంటే పీఎల్‌సీ, అందులోనే ఉంటుంది. ఒక్క టైమర్ విలువ చూడాలన్నా ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని ఊకదుమ్ములో ఇనుప నిచ్చెన ఎక్కాలి.

కింద నుంచే వైఫైలో చూడాలంటే 5 వోల్టులతో నడిచే చిన్న ట్రావెల్ రౌటర్ చాలు. ముందు ప్యానెల్ మెయిన్ ఆపండి. లోపలున్న 24 వోల్టుల డీసీ నుంచి, 1 ఆంపియర్ ఫ్యూజు పెట్టి, 5 వోల్టులకు తగ్గించే 2 ఆంపియర్ల కన్వర్టర్‌తో కరెంటు ఇవ్వండి. రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (కేబుల్ నెట్‌వర్క్‌ను వైఫైగా అందించే పద్ధతి) ఉంచి, డీహెచ్‌సీపీ (చిరునామాలను తనంతట తానే పంచే సదుపాయం) ఆపేసి, ఈథర్‌నెట్ కేబుల్‌తో పీఎల్‌సీకి కలపండి. పీఎల్‌సీ ఐపీ చిరునామా 192.168.0.10 అనుకుంటే రౌటర్‌కు 192.168.0.250, ల్యాప్‌టాప్‌కు 192.168.0.20 ఇవ్వాలి, సబ్‌నెట్ మాస్కు 255.255.255.0. రౌటర్‌తో వచ్చిన పాస్‌వర్డ్ మార్చాలి. ఇంటర్నెట్ జోలికి పోకపోవడమే మేలు.

ఇనుప ప్యానెల్ లోపల పెట్టి తలుపు మూస్తే సిగ్నల్ దాదాపు చచ్చిపోతుంది. ప్లాస్టిక్ పెట్టెలో బయట, మోటారు కేబుళ్లకు దూరంగా బిగించండి. సీరియల్ పోర్టు మాత్రమే ఉన్న పాత పీఎల్‌సీలకు ఇది పనికిరాదు. విలువలు చూసుకోవడానికి సరే గానీ, యంత్రం తిరుగుతుండగా కింద కూర్చుని ప్రోగ్రామ్ ఎక్కించవద్దు. పైన ఎవరి చెయ్యి ఎక్కడుందో కనిపించదు.