కరెంటు బిల్లు ఎక్కువగా వస్తోందా? కొత్త పరికరం కొనే ముందు చూడవలసినవి

బిల్లు పెరగగానే పాత ఫ్రిజ్‌నో ఏసీనో మార్చేయాలని చాలామంది తొందరపడతారు. అసలు లోపం ఎక్కడుందో తేల్చుకోకుండా కొంటే డబ్బు ఖర్చయినా బిల్లు తగ్గకపోవచ్చు. అందుకే ముందు మీటరు దగ్గర మొదలుపెట్టాలి.

సమస్య: అన్నీ ఆపేసినా మీటరు ఆగడం లేదు

డిజిటల్ మీటరు మీద మెరిసే చిన్న ఎర్రదీపం యూనిట్‌కు ఎన్నిసార్లు వెలుగుతుందో మీటరు మీదే అచ్చువేసి ఉంటుంది. అక్కడ 3200 అని ఉందనుకుందాం. ఫ్రిజ్‌తో సహా అన్నింటినీ ఆపిన తరువాత కూడా దీపం నిమిషానికి 8 సార్లు వెలిగితే, గంటకు 480 సార్లు వెలిగినట్టు. 480ని 3200తో భాగిస్తే గంటకు 0.15 యూనిట్, అంటే 150 వాట్లు ఎక్కడో ఖర్చవుతున్నాయి. సాధారణంగా దీనికి కారణం రిమోట్‌తో మాత్రమే ఆపిన టీవీ, సెట్‌టాప్ బాక్స్, కంప్యూటర్, ఛార్జింగ్‌లో ఉన్న ఇన్వర్టర్ బ్యాటరీ వంటివి. వాటిని ఒక్కొక్కటిగా ప్లగ్ తీస్తూ దీపాన్ని గమనిస్తే దొంగ దొరుకుతుంది. అన్ని ప్లగ్గులూ తీసి, లైట్లూ ఫ్యాన్లూ ఆపినా మెరుపు ఆగకపోతే వైరింగ్‌లో లీకేజీ ఉందేమోనని అనుమానించాలి. అది ప్రాణాపాయం కూడా కాబట్టి ఆలస్యం చేయకుండా ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి.

సమస్య: ఫ్రిజ్ మోటారు ఆగకుండా నడుస్తోంది

తలుపు సందులో ఒక కాగితం ఉంచి మూసి, మెల్లగా లాగి చూడండి. కాగితం పట్టులేకుండా జారి వచ్చేస్తే తలుపు అంచు చుట్టూ ఉండే రబ్బరు పట్టీ (గాస్కెట్) సరిగా అతుక్కోవడం లేదని, బయటి వేడిగాలి లోపలికి పోతోందని అర్థం. చాలాసార్లు మడతల్లో పేరుకున్న జిడ్డే దీనికి కారణమవుతుంది. గోరువెచ్చని సబ్బునీటితో తుడిస్తే సరిపోతుంది. రబ్బరు బిరుసెక్కినా, పగిలినా గాస్కెట్ మాత్రమే మార్పించాలి, ఫ్రిజ్‌ను కాదు. గాస్కెట్ బాగానే ఉంటే, ప్లగ్ తీసి వెనుకనున్న కాయిల్ మీది దుమ్ము దులిపి, గోడకు కొంచెం ఎడంగా జరపాలి. లోపల 4 డిగ్రీలు, ఫ్రీజర్‌లో మైనస్ 18 డిగ్రీలు చాలు. అంతకంటే చల్లగా ఉంచినదంతా వృథా ఖర్చే.

సమస్య: ఫ్యాన్ వేగం తగ్గించినా ఖర్చు తగ్గడం లేదు

పాత పెట్టె రెగ్యులేటర్ మిగిలిన కరెంటును వేడిగా మార్చి పారేస్తుంది. దాని స్థానంలో ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ పెట్టించాలి. ఫ్యాన్ రోజంతా తిరిగే ఇంట్లో బీఎల్‌డీసీ ఫ్యాన్ (తక్కువ కరెంటుతో తిరిగే, బ్రష్‌లు లేని మోటారున్న ఫ్యాన్) కొనడమే మంచిదని నా అభిప్రాయం. 75 వాట్ల ఫ్యాన్ బదులు 30 వాట్లది రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు సుమారు 16 యూనిట్లు మిగులుతాయి. రోజుకు పది నిమిషాలు వాడే మైక్రోవేవ్‌ను మార్చితే ఇంత ఆదా రాదు.

సమస్య: ఏసీ ఎంతసేపు వేసినా గది చల్లబడటం లేదు

ముందు ఫిల్టర్ తీసి కడిగి, పూర్తిగా ఆరబెట్టి బిగించాలి. అయినా మార్పు లేకపోతే గ్యాస్ తగ్గిందేమో మెకానిక్‌తో చూపించాలి.