2 నీఫైలో యెషయా అధ్యాయాలు దాటడం ఎలా (నా అనుభవం)

మోర్మన్ గ్రంథం (కడవరి దిన పరిశుద్ధుల సంఘం బైబిల్‌తో పాటు చదివే లేఖనం) చదువుతూ, అందులోని 2 నీఫై పుస్తకంలో యెషయా అధ్యాయాలు వరసగా వచ్చే 12వ అధ్యాయం దగ్గర ఆగిపోవడం ఆ సంఘంలో చాలామంది కొత్త సభ్యుల గోడు. పేజీల లెక్క, ఆడియో, ఆ అధ్యాయాలు వదిలేయడం, ఏదీ నాకు పనిచేయలేదు.

పనిచేసింది ఇది: ముందు 25వ అధ్యాయం చదవాలి. యెషయా మాటలను ఆ పుస్తకం రాసిన ప్రవక్త నీఫై తేటగా విప్పేది అక్కడే. తర్వాత వెనక్కి 12కి వచ్చి, పక్కన తెలుగు బైబిల్లో యెషయా 2 తెరవాలి. 12 నుంచి 24 వరకు ఏ అధ్యాయమైనా పది తీసేస్తే యెషయా అధ్యాయం దొరుకుతుంది. మాట తేడా ఉన్నచోట పెన్సిల్ గీత. రోజుకొక్క అధ్యాయమే. 12:2-3లో యెహోవా మందిర పర్వతం దగ్గర మాత్రం తొందరపడొద్దు, దేవాలయ సిద్ధపాటుకు అదే మొదలు. ఎండోమెంట్‌కు (దేవాలయంలో నిబంధనలు చేసుకునే విధికి) కొత్త సభ్యులు బాప్తిస్మం తర్వాత మామూలుగా ఏడాది ఆగాలి కదా, ఆలోగా నిర్గమకాండం 40:12-15 కూడా చూడండి: కడగడం, వస్త్రాలు, అభిషేకం వరసగా ఉంటాయి.

బైబిల్ అలవాటున్న ఇంటివాళ్లకే ఇది సులువేమో. లేనివాళ్లు మోర్మన్ గ్రంథంలోనే బాప్తిస్మపు నిబంధన ఉన్న మోషైయా 18:8-10తో మొదలుపెడితే నయం.