కార్డ్‌క్యాప్టర్ సకురా మొదలుపెడుతున్నారా? ఏ వరుసలో, ఎలా చూడాలంటే

కార్డ్‌క్యాప్టర్ సకురా అనే జపనీస్ యానిమే (కార్టూన్ సిరీస్) చూద్దామనుకునేవాళ్లలో చాలామంది ముందు అడిగేది "ఏ ఎపిసోడ్లు వదిలేయొచ్చు" అని. మొత్తం 70 ఎపిసోడ్లు, ఒక్కోటి దాదాపు 25 నిమిషాలు, పైగా మధ్యలో అసలు కథ అంగుళం కూడా కదలని ఎపిసోడ్లు బోలెడు, కాబట్టి ఆ డౌట్ రావడం సహజమే. నా సలహా మాత్రం పూర్తిగా రివర్స్. ఏదీ వదలొద్దు, రోజుకి ఒకటి, మహా అయితే రెండు చూడండి, వీకెండ్‌లో కూర్చుని మొత్తం లాగించేద్దామని మాత్రం అనుకోవద్దు. ఈ సిరీస్‌లో అసలు సరుకంతా ఆ కదలని ఎపిసోడ్లలోనే ఉంది.

ముందు కాస్త నేపథ్యం. క్లాంప్ అనే నలుగురు ఆడవాళ్ల బృందం 'నకయోషి' అనే అమ్మాయిల పత్రికలో 1996 నుంచి 2000 దాకా గీసిన మాంగా (జపనీస్ కామిక్) ఇది, 12 సంపుటాలు. మ్యాడ్‌హౌస్ స్టూడియో దాన్ని టీవీకి తెచ్చింది, దర్శకుడు మోరియో అసాకా, జపాన్‌లో ఎన్‌హెచ్‌కే శాటిలైట్ ఛానెల్లో 1998 ఏప్రిల్ నుంచి 2000 మార్చి వరకు వచ్చింది. మాంగాలో 19 క్లో కార్డులు (కథలో సకురా వెతికే మాయకార్డులు) ఉంటే టీవీకి వచ్చేసరికి 52 అయ్యాయి, మెయిలింగ్ అనే పిల్ల మాంగాలో అసలు లేనే లేదు. అయినా ఎక్కడా అతుకులు కనపడవు, ఎందుకంటే క్లాంప్‌లో కథలు రాసే నానాసే ఓకావానే టీవీ స్క్రిప్టుల బాధ్యత కూడా తీసుకున్నారు.

కథ సింపుల్. నాలుగో తరగతి చదివే సకురా ఇంటి బేస్‌మెంట్‌లో, నాన్న పుస్తకాల మధ్య ఒక పాత పుస్తకం తెరుస్తుంది, అందులో పైనున్న కార్డు పేరు చదవగానే పెద్ద గాలి లేచి మిగతా కార్డులన్నీ ఊరంతా చెల్లాచెదురైపోతాయి. కాపలా కాయాల్సిన చిన్న మాయజీవి కెరో ఆ పుస్తకంలోనే ముప్ఫై ఏళ్లుగా గుర్రు పెట్టి నిద్రపోతున్నాడు. ఇక ఒక్కో కార్డునీ వెతికి పట్టుకోవడం సకురా పని.

ప్లే నొక్కే ముందు చేయాల్సినవి రెండే. ఒకటి, ఎపిసోడ్లు లెక్క చూసుకోండి. 70 ఉంటే ఓకే, 39 ఉంటే వెంటనే ఆపేయండి. అది 'కార్డ్‌క్యాప్టర్స్' పేరుతో 2000లో అమెరికా టీవీలో వేసిన కత్తిరింపు వెర్షన్. సకురాతో పోటీపడి కార్డులు పట్టే షావోరాన్ అనే అబ్బాయి హీరోలా కనిపిస్తే మగపిల్లలు కూడా చూస్తారని, అతను ఊళ్లోకి దిగే ఎనిమిదో ఎపిసోడ్‌తో అక్కడ సిరీస్ మొదలుపెట్టారు! సంగీతం మార్చారు, ఎవరికి ఎవరంటే ఇష్టమో చెప్పే సీన్లు చాలావరకు తీసేశారు. రెండోది, ఆడియో జపనీస్‌లో పెట్టి సబ్‌టైటిల్స్‌తో చూడండి. సకురాకి గొంతిచ్చిన సకురా తాంగే, కెరోకి గొంతిచ్చిన అయా హిసాకావా ఇద్దరూ పోటీపడి చేశారు. కెరో మాట్లాడేది ఒసాకా యాస, ఆ పుస్తకం చాలాకాలం ఒసాకాలో ఉండడంతో వాడికి అలా అబ్బిందట. జపనీస్ ఒక్క ముక్క రాకపోయినా వాడి మాటతీరు మిగతావాళ్లకంటే వేరని చెవికి ఇట్టే తెలిసిపోతుంది.

ఇప్పుడు ఎలా చూడాలో. ప్రతి ఎపిసోడ్‌లోనూ మొదటి ఐదారు నిమిషాలు బాగా గమనించండి. స్కూల్లోనో, ఇంట్లోనో, ఎవరో ఒకళ్ల మాటల్లోనో కార్డు తాలూకు ఆనవాలు ఒకటి పడేస్తారు. కెరో చెప్పే లోపే అది ఏ కార్డో మీరు ఊహించండి, పిల్లలతో కలిసి చూస్తుంటే ఇది మంచి ఆట. కార్డులకి ఒక్కోదానికీ ఒక్కో స్వభావం ఉంటుంది, బలం చూపిస్తే లొంగవు, దాని గుణమేంటో పట్టుకుంటేనే దొరుకుతుంది. పదకొండో ఎపిసోడ్ చూడండి. సకురా స్నేహితురాలు టోమోయో వాళ్ల పెద్ద బంగళాలో వాళ్లమ్మ సోనోమి ప్రాణంగా దాచుకున్న పెట్టె ఒకటుంటుంది, తాళంచెవి ఉన్నా అది తెరుచుకోదు. ఎవరైనా దేన్నైనా ఎంతో విలువగా దాచుకుంటే దాన్ని చుట్టేసి కాపాడడమే షీల్డ్ కార్డు స్వభావం. అంటే అక్కడ శత్రువు అనేవాడే లేడు, ఒక పెద్దావిడ బెంగ ఉందంతే. లోపల ఏముందో నేను చెప్పను, కానీ ఆ ఒక్క వస్తువుతో చనిపోయిన సకురా అమ్మ నదేషికో, సోనోమి, సకురా నాన్న ఫుజితాకా ముగ్గురి పాత కథా మన కళ్లముందుకు వస్తుంది. దానికి ముందు పదో ఎపిసోడ్‌లో స్కూల్ ఆటల పోటీల రోజున సోనోమి ఆయన్ని చూడగానే ఎందుకంత మండిపడిందో ఇక్కడ అర్థమవుతుంది. వదిలేయొచ్చనుకునే ఎపిసోడ్లు ఇలా ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి.

బట్టల సంగతి తప్పకుండా చెప్పాలి. మ్యాజికల్ గర్ల్ (మాయాశక్తులున్న అమ్మాయి) కథ అనగానే మెరుపులు మెరిసి ఒకటే యూనిఫామ్ ఒంటి మీదకి వచ్చే సీనే చాలామందికి గుర్తొస్తుంది, 1992లో వచ్చిన సైలర్ మూన్ దాన్ని బాగా అలవాటు చేసింది. ఇక్కడ అలాంటిదేమీ లేదు. సకురా మంత్రదండం పెద్దదవుతుంది కానీ డ్రెస్ మారదు. టోమోయో తన చేత్తో కుట్టిన కొత్త డ్రెస్ తెస్తుంది, సకురా మొహమాటపడుతూనే వేసుకుంటుంది, టోమోయో వీడియో కెమెరా పట్టుకుని వెనకాలే పరిగెడుతుంది. యానిమేషన్‌లో పాత సీన్ మళ్లీ వాడుకుంటే ఖర్చు కలిసొస్తుంది, వీళ్లేమో కార్డు పట్టే సందర్భాల్లో వీలైనంతవరకు కొత్త డ్రెస్ గీశారు. పాజ్ చేసి కుట్లు, రిబ్బన్లు, టోపీలు చూడండి. ఎపిసోడ్ చివర్లో కెరో వచ్చి ఆ డ్రెస్ గురించో, వస్తువుల గురించో చెప్పే చిన్న ముక్క ఒకటుంటుంది, ఎండింగ్ పాట రాగానే స్కిప్ కొడితే అది మిస్సవుతారు.

వరుస ఇలా పెట్టుకోండి. ముందు 1 నుంచి 35. ఆ తర్వాత 1999లో వచ్చిన మొదటి సినిమా, సకురా వాళ్లు హాంకాంగ్ వెళ్లేది. అది విడుదలైంది 46వ ఎపిసోడ్ తర్వాతే, కానీ కథలో సకురా అప్పటికింకా కార్డులు పడుతూనే ఉంటుంది కాబట్టి ఇక్కడ పెట్టుకుంటేనే సరిపోతుంది. తర్వాత 36 నుంచి 46, అక్కడితో క్లో కార్డుల కథ ముగుస్తుంది, 45, 46 మాత్రం ఒకే రోజు చూడాలి. 47 నుంచి 70 వరకు సకురా ఆ కార్డులని తన సొంత శక్తితో మార్చుకునే భాగం, దండం చివర పక్షి ముక్కు పోయి నక్షత్రం వస్తుంది, మాయా సకమోతో పాడిన ఓపెనింగ్ పాట కూడా ఇక్కడే మొదలవుతుంది. 70తో ఆగిపోకండి, చివర్లో సకురా ఒక జవాబు చెప్పకుండా మిగిల్చేస్తుంది, అది 2000లో వచ్చిన రెండో సినిమాలో దొరుకుతుంది. ఆ సినిమా చూడకపోతే సిరీస్ పూర్తిగా చూసినట్టు కాదు.

పిల్లలకి చూపించే పెద్దవాళ్లకి రెండు ముక్కలు. ఆరో ఎపిసోడ్‌లో ఇల్యూజన్ కార్డు చనిపోయిన అమ్మ రూపంలో కనిపించి సకురాని కొండ అంచు దాకా తీసుకెళ్తుంది, ఇంట్లో ఎవరినైనా పోగొట్టుకున్న పిల్లలుంటే పక్కనే కూర్చోండి. ఇంకోటి, రికా అనే క్లాస్‌మేట్‌కీ వాళ్ల టీచర్‌కీ మధ్య మాంగాలో నడిచే ప్రేమ వ్యవహారం నాకు అస్సలు నచ్చదు. టీవీలో దాన్ని చాలావరకు తగ్గించారు, అయినా ఛాయలు మిగిలాయి. పిల్లలు అడిగితే అది తప్పని నేరుగానే చెప్పండి. సకురా అన్న టోయాకి 'యుకితో' అనే స్నేహితుడి మీదున్న ప్రేమని మాత్రం ఎక్కడా వెటకారం చేయకుండా ఎంతో మర్యాదగా చూపించారు, 1990ల చివర్లో పిల్లల టీవీ కార్యక్రమంలో అలా చేయడం చిన్న విషయం కాదు.

అన్నీ అయ్యాక 2018లో వచ్చిన క్లియర్ కార్డ్, 22 ఎపిసోడ్లు, సకురా మిడిల్ స్కూల్లో చేరాక జరిగే కథ. దానికి ముందు 2017లో వచ్చిన ప్రోలాగ్ ఎపిసోడ్ ఒకటుంది, అది చూశాకే మొదలుపెట్టండి. ఆ ప్రోలాగ్ మాంగా ముగింపుని అనుసరిస్తుంది కాబట్టి రెండో సినిమాలో చూసినదానికీ దీనికీ పొంతన కుదరదు, కంగారుపడొద్దు. ఆ 22 ఎపిసోడ్లతో కథ తెగదు కూడా, మిగతాది తెలుసుకోవాలంటే క్లియర్ కార్డ్ మాంగా పట్టుకోవాల్సిందే.